ఆ దయ్యాన్ని ఏ ప్రింట్‌లో చూశారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో పాత హారర్ సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, చివరిదాకా చదివించింది కూడా. కానీ ఒక్క మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పటి పిల్లలకు ఆ సినిమాలు చూపిస్తే భయపడరట, పడీపడీ నవ్వుతారట, గ్రాఫిక్స్ లేని కాలం కదా, రబ్బరు మాస్కులు, ఎర్ర రంగు నీళ్లు తప్ప అందులో ఏముందట. దీనికి జవాబు రాయకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఎందుకంటే మా ఇంట్లో బీరువా నిండా ఉన్నవి ఆ సినిమాలే, ఎండాకాలం సెలవులకు మా అన్న పిల్లలు హనుమకొండకు వస్తే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూసినవీ అవే.

నవ్వలేదని అబద్ధం చెప్పను, నవ్వారు. విఠలాచార్య గారి 'జగన్మోహిని' (1978) పెడితే, ఆ దయ్యం కోడలు పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేసే సీన్‌కు ఎనిమిదో తరగతి చదివే చిన్నది పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంటర్ చదివే పెద్దోడు మాత్రం నవ్వుతూనే రిమోట్ అందుకుని వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు, "ఇది ఎట్ల తీసిన్రు బాబాయ్?" అన్నాడు. ఇప్పటి సినిమాలో భవంతి కూలినా ఆకాశం చీలినా వాడు ఆ ప్రశ్న అడగడు, కంప్యూటర్‌లో చేశారని వాడికి ముందే తెలుసు. తక్కువ ఖర్చులో ఆశ్చర్యపరచడం విఠలాచార్య గారి విద్య. డేట్ల దగ్గరో డబ్బు దగ్గరో పేచీ పెట్టిన నటుణ్ని ఆయన కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగ్ నడిపించేవాడని సినిమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, అందులో నిజమెంతో గానీ వినడానికైతే మస్తుగా ఉంటుంది. అయినా జగన్మోహిని మనల్ని జడిపించడానికి తీసిన సినిమా కాదు, కుటుంబమంతా కూర్చుని నోరు తెరుచుకుని చూడటానికి తీసింది. దాన్ని చూసి నవ్వారు కాబట్టి హారర్ ఫెయిలైంది అంటే ఎట్లా?

అసలు పరీక్ష 'రాత్రి' (1992). రామ్ గోపాల్ వర్మ తీసింది, రేవతి చేసింది, కెమెరా తేజ, నేపథ్య సంగీతం మణిశర్మ. అప్పటికి ఆయన పాటల మణిశర్మ కాలేదు. ఇందులో దయ్యం మొహం చూపించి కేక పెట్టించే పని చాలా తక్కువ. ఒక పిల్లి పిల్ల కారు కింద పడి చచ్చిపోతుంది, దాన్ని పాతిపెడతారు, తర్వాత అది మళ్లీ ఇంట్లో తిరుగుతుంటుంది. అంతే విషయం! కెమెరా ఆ ఇంట్లో, ఇంటి కింద గదిలో, ఎవరో వెనకాల నడుస్తున్నట్టు పోతూ ఉంటుంది, ఏమీ జరగదు, ఇంకా పోతుంది, అప్పటికీ ఏమీ జరగదు. చిన్నది దుప్పటి ముక్కు దాకా లాక్కుంది. పెద్దోడు ఫోన్ పక్కన పెట్టేశాడు, ఈ రోజుల్లో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది చెప్పండి. నా లెక్కలో పాత సినిమా భయం మొహంలో ఉండదు, ఆ మొహం కనపడే ముందున్న జాగాలో ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇదే సినిమాను పెద్దోడు అంతకుముందు ఫోన్‌లో కొంచెం చూసి "బోర్ ఉంది" అని వదిలేశాడట. ఏం చూశావురా అని అదే వీడియో పెట్టించుకుని చూస్తే నాకు అర్థమైంది. చీకటిగా ఉండాల్సిన సీన్లన్నీ వెలుతురు పెంచి బూడిద రంగులో పెట్టారు, స్క్రీన్ నిండాలని బొమ్మను పక్కలకు సాగదీశారు, మూలన ఛానెల్ లోగో, ఇవన్నీ చాలవన్నట్టు సరిగ్గా నిశ్శబ్దం మొదలైన చోట సబ్బు ప్రకటన! అట్లా చూస్తే ఎవరికి మాత్రం భయమేస్తుంది, నాకైనా ఆవలింతే వస్తుంది. అందుకే మీ వ్యాసకర్తను నేను అడిగేది ఒక్కటే: మీరు ఆ దయ్యాన్ని ఏ ప్రింట్‌లో చూశారు? ఇంతోటి దానికి సినిమాను తప్పుపడితే ఎట్లా?

సౌండ్ సంగతి ఇంకా ముఖ్యం. జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' (1978) తీసినప్పుడు, సంగీతం కలపక ముందు దాన్ని ఒక స్టూడియో ఆఫీసర్‌కు చూపిస్తే ఆమెకు ఏ మాత్రం భయం వేయలేదట. ఈ సంగతి కార్పెంటరే చెప్పుకున్నాడు. తర్వాత ఆయన సొంతంగా కట్టిన ఆ పియానో ముక్క కలిపితే అదే బొమ్మ లోకాన్ని వణికించింది. బొమ్మ అదే, నటులు వాళ్లే, హంతకుడి ఆ తెల్ల మాస్కూ అదే! అంతకుముందు 'సైకో' (1960)లో బాత్రూం హత్య సీన్‌కు సంగీతమే వద్దని దర్శకుడు హిచ్‌కాక్ అనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో వాయించి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఇప్పుడు ఆ సీన్‌ను సౌండ్ తీసేసి చూడండి, సగం భయం పోతుంది. ఫోన్ స్పీకర్‌లో చూడటమంటే దాదాపు సౌండ్ తీసేసి చూసినట్టే.

'ఎక్సార్సిస్ట్' (1973) చిన్నదాన్ని పడుకోబెట్టాకే పెట్టాను, అది పిల్లలకు చూపించే సినిమా కాదు, ఈ విషయంలో నేను పాతకాలం మనిషినే. ఆ మంచం గదిలో అందరి నోళ్లలోంచి ఆవిరి వస్తుంటుంది కదా, పెద్దోడు వెంటనే "గ్రాఫిక్సా?" అన్నాడు. కాదురా, 1973లో గ్రాఫిక్స్ ఎక్కడివి, దర్శకుడు ఫ్రీడ్‌కిన్ ఆ గది సెట్‌నంతా పెద్ద పెద్ద ఏసీలతో గడ్డకట్టేంత చల్లబరిచి తీశాడు, నటులు నిజంగానే వణికారు అని చెప్తే కాసేపు మాట్లాడలేదు. దయ్యం గొంతు కూడా మిషన్‌తో చేసింది కాదు, మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే నటి గొంతు. ఆ సినిమాకు వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి స్క్రీన్‌ప్లేకు, రెండోది సౌండ్‌కు. మన దగ్గర 'అరుంధతి' (2009) తీసుకోండి, అందులో గ్రాఫిక్స్ దండిగానే ఉన్నాయి, కానీ జనానికి గుర్తున్నది సోనూ సూద్‌కు రవిశంకర్ చెప్పిన డబ్బింగ్. ఊళ్లల్లో పిల్లలు ఇప్పటికీ మిమిక్రీ చేసేది ఆ గొంతునే కదా. ఆ సినిమా తీసిన కోడి రామకృష్ణ గారిదే 'అమ్మోరు' (1995)ను కొందరు హారర్ లిస్టులో వేస్తారు గానీ నేను వేయను, అది భక్తి సినిమా, భయం అందులో చేతబడి చేసేవాడు కనపడ్డప్పుడు మాత్రమే. వర్మ గారి 'దెయ్యం' (1996) కూడా మళ్లీ చూశాను, బాగుంది గానీ 'రాత్రి' దగ్గరికి రాదు, చూపించడం ఎక్కువైంది.

ఇవన్నీ మా ఇంటికి ఎట్లా చేరాయో కూడా కొంచెం చెప్పాలి, మా వైపు వాళ్లకు ఇది తెలిసిన ముచ్చటే. మా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లయినా పుట్టువెంట్రుకలయినా కలర్ టీవీ, వీసీపీ (వీడియో క్యాసెట్లు వేసే ప్లేయర్) అద్దెకు తెచ్చి "వీడియో పెట్టించేవాళ్లు". వాకిట్లో బల్ల మీద టీవీ, కింద చాపలు, తెల్లారేదాకా మూడు సినిమాలు: మొదటిది దేవుడి సినిమా, రెండోది హీరో సినిమా, ముసలోళ్లు పడుకున్నాక మూడోది దయ్యం సినిమా. 'ఈవిల్ డెడ్' (1981) నేను అట్లనే చూశాను, ఇంగ్లిష్ ఒక్క ముక్క రాకపోయినా కథ అర్థం కావడానికి అడ్డమేమీ రాలేదు. దాన్ని ఒంటరిగా చూసినోళ్లకు లక్ష రూపాయలిస్తారని మా దగ్గర గట్టిగా చెప్పుకునేవాళ్లు, ఎవరిస్తారో మాత్రం ఎవరికీ తెలియదు. తర్వాత 2008లో తన 'ఫూంక్' సినిమా వచ్చినప్పుడు వర్మ గారు ఒంటరిగా చూస్తే 5 లక్షలని నిజంగానే ప్రకటించారు, మా ఊరి పుకారు ఆయన దాకా పోయిందేమో అనుకున్నాం. అడవిలోంచి ఏదో దూసుకొస్తున్నట్టు ఉండే ఆ షాట్లకు శామ్ రైమీ కెమెరాను ఒక చెక్కకు బిగించి, రెండు పక్కల ఇద్దరు పట్టుకుని పరుగెత్తారని ఎన్నో ఏళ్లకు చదివాను. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు, నెత్తురంటే మొక్కజొన్న పాకంలో రంగు కలిపింది. మీ వ్యాసకర్త దీన్నే "ఎర్ర రంగు నీళ్లు" అని తీసిపారేశారు.

తర్వాత క్యాసెట్ షాపులు ఒక్కొక్కటి మూతపడుతుంటే కుప్పలుగా అమ్మేశారు, నేను సంచుల్లో మోసుకొచ్చాను. రామ్సే బ్రదర్స్ 'పురానా మందిర్' (1984), 'వీరానా' (1988) అట్లా వచ్చినవే. మనకు హిందీ సినిమా పరాయిది కాదు కదా, వరంగల్‌లో 'పురానా మందిర్' దయ్యం సామ్రీ పేరు చెప్తే ఇప్పటికీ నలభై దాటిన వాళ్లు ఉలిక్కిపడతారు. వాటిలో కామెడీ ట్రాకులు మాత్రం నేనూ ఫార్వర్డ్ చేస్తాను, ఇందులో దాచేదేం లేదు. తర్వాత వీసీడీల కాలం. 2007లో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు పెట్టేసరికి జీతం వచ్చిన రోజు చేతినిండా కొనేవాణ్ని.

వీసీడీ గొప్పదని నేననను. దాని బొమ్మ 352 బై 288 చుక్కలే, డీవీడీకి 720 బై 576. వెడల్పు సినిమాలను పక్కలు కోసి ఇచ్చిన వీసీడీలూ నా దగ్గర ఉన్నాయి, మాట్లాడేవాడు ఫ్రేమ్ బయట, వినేవాడి చెవి ఫ్రేమ్ లోపల. కానీ మధ్యలో ప్రకటన లేదు, వెలుతురు పెంచలేదు. ఇంకోటి, డిస్క్‌కు గంటంపావే పడుతుంది కాబట్టి సినిమా రెండు మూడు డిస్కులయ్యేది. కరెక్టుగా టెన్షన్ ఉన్నచోట బొమ్మ ఆగిపోయి, చీకట్లో లేచి వెళ్లి రెండో డిస్క్ ఎవరు వేయాలని ఇంట్లో కొట్లాట జరిగేది. ఆ రెండు నిమిషాల భయం ఏ దర్శకుడూ పెట్టింది కాదు!

క్యాసెట్లది వేరే బాధ. మన వానాకాలం చెమ్మకు టేపు అంచున తెల్లగా బూజు పడుతుంది, మూత తెరిచి కిటికీలోంచి చూస్తే పిండి చల్లినట్టు కనపడుతుంది. అట్లాంటిది తెలియక ప్లేయర్‌లో వేస్తే టేపును చదివే హెడ్డు పాడై ఆ తర్వాత వేసిన మంచి క్యాసెట్లను కూడా అది నాశనం చేస్తుంది. అడ్డంగా పేర్చకుండా పుస్తకాల్లాగ నిలబెట్టి పెట్టుకోవాలి, ఏడాదికోసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి చుట్టాలి. డిస్కులను గుండ్రంగా తుడవకూడదు, మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవాలి, స్టిక్కర్లు అంటించకూడదు. ఇక ప్లేయర్ పోతే కొత్తది రాదు, ఆఖరుకు మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో వీసీఆర్లు చేయడం ఆపేసింది. పోనీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుందామని ఒక షాపులో రెండు క్యాసెట్లు ఇస్తే, వాళ్లు ఎక్కించి ఇచ్చారు గానీ సినిమా పొడుగునా దయ్యం నెత్తి మీదుగా వాళ్ల షాపు పేరు, ఫోన్ నంబరు పోతుంటాయి. అదేందన్నా అంటే పబ్లిసిటీ సార్ అన్నాడు.

ఇదంతా ఎవరికి కావాలి, ఆన్‌లైన్‌లో అన్నీ ఉన్నాయి కదా అనేవాళ్లకు ఒక మాట. అన్నీ లేవు. మన మొట్టమొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింట్ ఈరోజు ఎక్కడా లేదు, దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931) కూడా లేదు. పుణెలో 2003 జనవరిలో జరిగిన అగ్ని ప్రమాదంలో ప్రభుత్వ ఫిల్మ్ ఆర్కైవ్ దాచిన పాత నైట్రేట్ రీళ్లు (తొందరగా అంటుకునే పాతకాలం ఫిల్మ్) ఎన్నో కాలిపోయాయి. అంటే పెద్ద పెద్ద సంస్థల దగ్గర కూడా పోతాయి. అదే జర్మనీ వాళ్ల 'నోస్ఫెరాటు' (1922) సంగతి చూడండి. డ్రాక్యులా నవల రాసినాయన భార్య కేసు వేస్తే, కాపీలన్నీ తగలబెట్టమని కోర్టే తీర్పిచ్చింది, అయినా అప్పటికే వేరే దేశాలకు పోయిన కొన్ని కాపీలు దక్కబట్టి నూరేళ్ల తర్వాత మనం చూస్తున్నాం. దేవుడి సినిమాకు, పెద్ద హీరో సినిమాకు ఎప్పుడో ఒకప్పుడు 4కే క్వాలిటీలోకి కొత్తగా చేయించే నాథుడు దొరుకుతాడు, రీరిలీజ్ చేసి పాలాభిషేకాలు చేస్తారు. చిన్న దయ్యం సినిమాకు ఎవరు చేస్తారు? తీసిన కంపెనీ ఉండదు, నెగెటివ్ ఏ ల్యాబ్‌లో ఉందో తెలియదు, చివరికి మిగిలేది ఎవరింట్లోనో అటక మీద ఉన్న క్యాసెట్టే.

మా దోస్తు ఒకాయన దగ్గర నాకంటే మంచి సేకరణ ఉండేది. 2023 జులై వరదలకు వరంగల్ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి కదా, ఆయన కింది అరలో పెట్టినవన్నీ బురదలో పోయాయి. పై అరలో మిగిలినవి ఇల్లు కడుక్కునేటప్పుడు ఇంట్లోవాళ్లు పాత సామాన్ల బండికి వేసేశారు, కిలోల లెక్కన. వాళ్లను తప్పుపట్టను, ఆ బురద ఎత్తిపోసిన వాళ్లకు తెలుసు. కానీ మామూలు రోజుల్లో కూడా దీపావళి సాఫుసఫాయికి మొదట బయటికి పోయేవి ఇవే.

కాబట్టి మీకు నా మనవి. సినిమా పాతదని రాసేటప్పుడు ఎక్కడ, ఏ కాపీ చూసి రాస్తున్నారో ఒక్క లైను వేయించండి, పుస్తక సమీక్షలో ప్రచురణ వివరాలు వేస్తారు కదా, ఇదీ అంతే. రెండోది, మీ జిల్లా పేజీలో పాఠకుల ఇళ్లల్లో ఉన్న పాత క్యాసెట్లు, డిస్కుల గురించి రాయమని ఒకసారి అడిగి చూడండి. కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి, జనగామ, మహబూబాబాద్, కరీంనగర్ నుంచి ఎంతమంది రాస్తారో మీరే ఆశ్చర్యపోతారు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు 2019 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సినిమాలు కాపాడటం ఎట్లా అని వర్క్‌షాప్ పెట్టారు, అట్లాంటిది ఒక్క పూటకైనా వరంగల్‌కు రప్పించలేమా? మూడోది మన ఊరి వాళ్లకు. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర భాషా నిలయం లైబ్రరీ ఉంది, ఇప్పుడు కాళోజీ కళాక్షేత్రం హాలు కూడా వచ్చింది, నెలకో పాత సినిమా మంచి ప్రింట్, మంచి సౌండ్‌తో చీకటి హాల్లో వేయొచ్చు. హక్కుల పంచాయితీ అంటారా, మన చట్టం ప్రకారం సినిమా వచ్చిన 60 ఏళ్లకు దాని మీద కాపీరైట్ అయిపోతుంది, హిందీ దయ్యం కథలు 'మహల్' (1949), 'బీస్ సాల్ బాద్' (1962)తో మొదలుపెట్టండి, తర్వాతి వాటికి నిర్మాతలను అడగొచ్చు. పిల్లలు నవ్వుతారో, పక్కవాడి చెయ్యి పట్టుకుంటారో అక్కడ చూద్దాం, కావాలంటే మీ వ్యాసకర్తకు ముందు వరసలో సీటు నేనే ఆపుతాను.

నా దగ్గరున్న వాటి లిస్టు కావాలంటే పంపుతాను, చూసి ఇచ్చేసే వాళ్లకు అరువూ ఇస్తాను. చివరగా పాఠకులకు ఒక విన్నపం: 'జగన్మోహిని' వీసీడీ మంచి స్థితిలో ఎవరి దగ్గరైనా ఉంటే పత్రిక ద్వారా చెప్పండి, మా దాంట్లో రెండో డిస్క్ సగం దాకా నడిచి ఆగిపోతోంది, ఆ మిగతా కథ ఏమైందని చిన్నది ఇంకా ఫోన్ చేసి అడుగుతోంది.

ఇట్లు
మీ పాఠకుడు,
నక్కలగుట్ట, హనుమకొండ.